“ఆసుపత్రికి వెళ్ళమ్మా” అంటే సరిపోతుందా?

ఈ వారము స్త్రీల సమాజములలో పనిచేసే అక్కలతో, పాస్టరమ్మలతో, బైబిలు స్త్రీలతో, వీధిలో నలుగురికీ తలలో నాలుకలా ఉండే పెద్దమ్మలతో ఒక విషయము మాట్లాడాలని ఉంది. మీ దగ్గరకు మనుషులు వస్తారు. ఆదివారము ఆరాధన అయిపోయిన తరువాత ఒకామె గుమ్మము దగ్గరే తచ్చాడుతూ ఉంటుంది. అందరూ వెళ్ళాక మెల్లగా వచ్చి, “అక్కా, మా కోడలికి నెలలు నిండుతున్నాయి, ముఖమంతా వాచింది, తలనొప్పి అంటోంది” అని చెబుతుంది. మీరేమంటారు? “ఆసుపత్రికి తీసుకుపోమ్మా” అంటారు. మాట మంచిదే. అయితే ఒక్క క్షణము ఆలోచించండి. ఏ ఆసుపత్రికి? ఏ రోజున? అక్కడ ఎవరిని అడగాలి? ఏ కాగితము పట్టుకుని పోవాలి? ఆమె వెళ్ళిందో లేదో మీకు ఎప్పుడు తెలుస్తుంది?

ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా పంపితే ఆమెను సగము దూరమే పంపినట్టు. మిగతా సగములోనే చాలామంది తప్పిపోతారు. గర్భిణీ స్త్రీల మరణాలను పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు, సెరీన్ థడియస్, డెబోరా మైన్ అనేవారు, 1994లో ఒక మాట చెప్పారు. ప్రాణము పోవడానికి ముందు మూడు ఆలస్యాలు ఉంటాయట. మొదటిది ఇంట్లో నిర్ణయము తీసుకోవడములో ఆలస్యము. రెండవది ఆసుపత్రికి చేరడములో ఆలస్యము. మూడవది చేరిన తరువాత సరియైన వైద్యము అందడములో ఆలస్యము. మూడవదానిని సరిచేయడము మన చేతిలో అంతగా లేదు. కాని మొదటి రెండింటిలో మీవంటి ఒక మనిషి నిలబడితే గంటలు కలిసివస్తాయి. ఈ విషయములో గంటలే ప్రాణము.

పైన చెప్పిన కోడలి సంగతే చూడండి. నెలలు నిండే సమయములో ముఖము, చేతులు వాచి, తలనొప్పి, కళ్ళు మసకలు అంటే అది రక్తపోటు కావచ్చు. అదే ముదిరితే మూర్ఛ వస్తుంది. అది రేపు చూద్దాములే అనే జబ్బు కాదు. ఆ రోజే, ఆ గంటలోనే బి.పి. చూపించాలి. మరి మన సంఘాలలో ఏమి జరుగుతుంది? కొందరు నూనె రాసి, ప్రార్థన చేసి, తెల్లారనిద్దాము అంటారు. ప్రార్థన చేయవద్దని ఎవరూ అనరు. అయితే ముందు 108కి ఫోను చేయండి, బండి వచ్చేలోగా ప్రార్థన చేయండి. బండిలో కూర్చుని కూడా చేయవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ 108 సేవకు మీరు పైసా ఇవ్వనవసరము లేదు.

మనము డాక్టర్లము కాము. జబ్బు ఏమిటో తేల్చడము మన పని కాదు. ఎవరిని ఎక్కడికి ఎంత త్వరగా పంపాలో తెలిసి ఉండడము మాత్రము మన పని. అందుకు ముందు మీ ఊరిలో ఎవరెవరు ఉన్నారో చూద్దాము.

అన్నిటికంటే దగ్గరలో ఉండేది ఆశా కార్యకర్త. సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక ఆశా ఉంటుంది. ఆమె మీ ఊరి కోడలో, ఆడపడుచో అయివుంటుంది. ఆమె దగ్గర మందుల పెట్టె కంటే విలువైనది ఒకటి ఉంది. ఏ రోజు ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు ఉంటారో ఆమెకు తెలుసు. ఆమె పైన ఏ.ఎన్.ఎం. ఉంటుంది. మన పల్లెల్లో ఆమెను ఇప్పటికీ నర్సమ్మ అనే పిలుస్తారు. బి.పి. చూడడము, రక్తము పరీక్షించడము, టీకాలు వేయడము, గర్భిణీల పేర్లు నమోదు చేయడము ఆమె పని. మూడవ మనిషి అంగన్‌వాడీ టీచరు. గర్భిణీకి, బాలింతకు, చిన్నపిల్లలకు పోషకాహారము, పిల్లల బరువు చూడడము అక్కడ జరుగుతాయి.

నర్సమ్మ ఉండేది ఉపకేంద్రము. మైదాన ప్రాంతములో 5,000 మందికి, కొండ ప్రాంతములో 3,000 మందికి ఒకటి అని లెక్క. దానిపైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, మనము పి.హెచ్.సి. అనేది. అక్కడ ఎం.బి.బి.ఎస్. డాక్టరు ఉంటారు. దానిపైన సామాజిక ఆరోగ్య కేంద్రము, తరువాత ఏరియా ఆసుపత్రి, ఆపైన జిల్లా ఆసుపత్రి లేక మెడికల్ కాలేజీ ఆసుపత్రి. బోర్డుల మీద పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతూ ఉంటాయి. పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరము, ఇలా ఎన్నో విన్నాము. పేరుతో తికమక పడకండి. “ఇక్కడ నర్సమ్మ ఉందా, డాక్టరు ఉన్నారా, ఆపరేషను చేస్తారా, రక్తము ఎక్కిస్తారా?” ఈ నాలుగు అడిగితే మెట్లు వాటంతటవే తెలిసిపోతాయి.

గర్భిణీ సంగతికి వద్దాము. ఇది కొంచెము నిదానముగా చెప్పాలి.

మూడు నెలలు నిండకముందే పేరు నమోదు చేయించాలి. మనలో ఒక అలవాటు ఉంది. మూడో నెల దాటేవరకు ఎవరికీ చెప్పకూడదని, దిష్టి తగులుతుందని దాచిపెడతారు. క్రైస్తవ కుటుంబాలలో కూడా ఈ భయము లేకపోలేదు. ఊరందరికీ చెప్పవద్దు, సరే. నర్సమ్మకు మాత్రము చెప్పండి. పేరు రాయగానే తల్లీబిడ్డల కార్డు ఒకటి ఇస్తారు. ప్రసవము లోపల కనీసము నాలుగుసార్లు పరీక్ష జరగాలి. ప్రతి పరీక్షలో బరువు, బి.పి., రక్తము, బిడ్డ ఎదుగుదల ఆ కార్డులో రాస్తారు. ఈ కార్డు రేషను కార్డంత ముఖ్యము. రాత్రి రెండు గంటలకు ముక్కూమొహమూ తెలియని డాక్టరు ముందు ఆమెను పడుకోబెట్టినప్పుడు, ఆమె గురించి మాట్లాడేది ఆ కార్డు ఒక్కటే.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలకు ప్రత్యేక పరీక్ష ఉంటుంది. ఇది 2016లో మొదలైంది. నాలుగో నెల దాటినవారిని ఆ రోజున డాక్టరు స్వయముగా చూస్తారు. ప్రమాదము ఉన్నదని తోస్తే కార్డు మీద ఎర్ర గుర్తు అంటిస్తారు. ఎర్ర గుర్తు అంటే శాపము కాదు. ఈమె ప్రసవము చిన్న ఆసుపత్రిలో వద్దు, ఆపరేషనూ రక్తమూ దొరికే చోటే జరగాలి అని ముందుగా చెప్పే గుర్తు. మీ సమాజములో గర్భిణీలు ఎవరైనా ఉంటే, 8వ తేదీ సాయంత్రము ఒక ఫోను చేసి “రేపు తొమ్మిదమ్మా” అని గుర్తు చేయండి చాలు.

రక్తహీనత గురించి ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తము తక్కువగా ఉంది. సగము కంటే ఎక్కువ! గర్భిణీకి హిమోగ్లోబిను 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 7 కంటే తగ్గితే అది తీవ్రమైనది, మాత్రలతో ఊరుకునేది కాదు, పెద్ద ఆసుపత్రికి పోవాలి. ఎందుకంటే ప్రసవములో అందరికీ పోయేంత రక్తమే పోయినా, ఒంట్లో లేనివారు తట్టుకోలేరు. ఐరను మాత్రలు 180 రోజులు ఉచితముగా ఇస్తారు. తెచ్చుకున్నవారిలో ఎంతమంది మింగుతున్నారు? గూట్లో పెట్టినవారే ఎక్కువ. విరేచనము నల్లగా అవుతుంది, కడుపులో తిప్పుతుంది అని మానేస్తారు. నల్లగా కావడము మామూలే, భయము లేదని చెప్పండి. టీతో వేసుకోవద్దని, నిమ్మరసముతో వేసుకుంటే మంచిదని చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పడానికి డాక్టరు చదువు అక్కరలేదు.

ఇప్పుడు మన తెలుగువారి ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి. మొదటి కాన్పు పుట్టింట్లో చేయడము మన ఆచారము. పిల్ల అత్తవారి ఊరిలో నమోదు అవుతుంది. అక్కడి ఆశా ఆరేడు నెలలు ఆమెను చూస్తుంది. తరువాత ఒక మంచిరోజు చూసి పుట్టింటికి తీసుకుపోతారు. అక్కడి ఆశాకు ఈమె ఎవరో తెలియదు. ఇక్కడి ఆశా, పిల్ల ఊరిలో లేదు కదా అని పుస్తకములో గీత కొట్టుకుంటుంది. సరిగ్గా ప్రమాదము ఎక్కువయ్యే నెలల్లోనే ఆమె ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది! ఎర్ర గుర్తు ఉన్న కార్డు అత్తవారి ఇంట్లో బీరువాలో ఉండిపోతుంది. కాబట్టి పుట్టింటికి పోయే పిల్లను చూడగానే రెండు పనులు చేయండి. కార్డు సంచిలో పెట్టుకుందా అని అడగండి. అవతలి ఊరి ఆశాకు లేక నర్సమ్మకు ఈమె వస్తోందని ఫోను చేయించండి. ఇక్కడి ఆశాను అడిగితే అక్కడి నంబరు సంపాదించగలదు. వలస పోయినవారి సంగతీ ఇంతే. హైదరాబాదుకో, బెంగుళూరుకో భవన నిర్మాణ పనికి పోయిన కుటుంబములో గర్భిణీ ఉంటే, ఆ బస్తీలోని ఆరోగ్య కేంద్రములో పేరు రాయించుకోవాలని చెప్పి పంపండి.

డబ్బు సంగతి. “సర్కారు దవాఖానలో కూడా డబ్బు అడుగుతారట కదా అక్కా” అని చాలామంది వెనకాడతారు. చట్టముగా ఏమున్నదో తెలుసుకోండి. 2011 జూన్ 1న జననీ శిశు సురక్షా కార్యక్రమము మొదలైంది. దాని ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవము ఉచితము. ఆపరేషను అయినా ఉచితమే. మందులు, పరీక్షలు, రక్తము ఉచితము. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషనుకు 7 రోజులు భోజనము ఉచితము. ఇంటి నుండి ఆసుపత్రికి, అక్కడ నుండి పెద్ద ఆసుపత్రికి, తిరిగి ఇంటికి బండి ఉచితము. తల్లీబిడ్డను ఇంటి దగ్గర దింపడానికి 102 వాహనాలు ఉన్నాయి. బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది వయసు వరకు ఇదే వర్తిస్తుంది. దీనికి తెల్లకార్డు ఉండాలన్న షరతు లేదు, ప్రతి గర్భిణీకీ వర్తిస్తుంది.

బిడ్డను చూపించడానికి ఇంత, ఆడపిల్లయితే ఇంత, మగపిల్లవాడయితే ఇంత అని చేయి చాపేవారు కొన్ని చోట్ల ఉన్న మాట వాస్తవమే. అందుకని వెళ్ళడమే మానేస్తే నష్టము ఎవరికి? పక్కన ఒక పెద్దమనిషి నిలబడి “సూపరింటెండెంటు గారి గది ఎక్కడ?” అని మర్యాదగా అడిగితే చాలా చేతులు వెనక్కి పోతాయి. ఒంటరిగా వచ్చిన పల్లెటూరి అత్త అలా అడగలేదు. మీరు అడగగలరు. తోడు వెళ్ళడములో ఉన్న లాభము ఇదే.

తోడు అంటే గుర్తుకు వచ్చింది. ఒక స్త్రీ ఆసుపత్రికి పోలేదంటే భయమే కారణము అనుకోకండి. పెద్దపిల్లను బడి నుండి ఎవరు తెస్తారు, గేదెకు గడ్డి ఎవరు వేస్తారు, ఆ రోజు కూలి ఎవరు ఇస్తారు, ఇవే ఆమెను ఆపుతాయి. “ఎందుకు పోలేదమ్మా?” అని గద్దించడము కంటే “పిల్లలను నా దగ్గర వదిలి పో” అనడము ఎక్కువ మేలు. ఇంకొకటి, ఇంట్లో నిర్ణయము ఎవరిది? కోడలితో మాట్లాడి వచ్చేస్తే పని కాదు. అత్తగారితో, భర్తతో కూర్చోవాలి. “మా కాలములో పొలములోనే కన్నాము” అనే అత్తగారికి వాదముతో జవాబు చెప్పకండి. “అవునత్తా, నీ తోటివాళ్ళలో కాన్పులో పోయినవాళ్ళు ఎందరు?” అని అడగండి. ఆమెకే పేర్లు గుర్తుకు వస్తాయి.

పంపేటప్పుడు ఒక చీటీ రాసి ఇవ్వండి. పేరు, వయసు, ఎన్నో నెల, ఎన్నో కాన్పు, ఏమి బాధ, ఎప్పటి నుండి, మీ ఫోను నంబరు. ఏడు ముక్కలు చాలు. అదే చీటీలో రాయకూడనివి కూడా ఉన్నాయి. ఆమె ఎవరికీ తెలియకూడదని చెప్పిన సంగతి, భర్త కొట్టాడన్న సంగతి, ముఖ్యముగా హెచ్.ఐ.వి. సంగతి. ఆ చీటీ బస్సులో ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలియదు.

హెచ్.ఐ.వి. అనగానే మన జిల్లాల్లో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతాము. గర్భిణీలందరికీ ఈ పరీక్ష చేయించడము మామూలు పద్ధతి. ఉన్నదని తేలితే మందు ఉచితముగా మొదలుపెడతారు. మందు లేకపోతే తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశము నూటికి 15 నుండి 45 వరకు. సరిగా మందు వాడితే 5 కంటే తక్కువకు దిగుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు పరీక్షకు పంపకుండా ఉండడము న్యాయమా? అయితే ఫలితము ఆమెది. మీకు చెప్పమని అడిగే హక్కు మీకు లేదు. ఆమె చెబితే మరొకరికి చెప్పే హక్కు అసలే లేదు. 2017 నాటి చట్టము కూడా ఇదే చెబుతుంది. ప్రార్థన అవసరతల పేరుతో సభలో పేరు చదవడము కూడా బయటపెట్టడమే, మరచిపోకండి. సందేహాలు ఉంటే 1097కి ఆమెనే మాట్లాడనివ్వండి.

కాన్పు అయిపోయింది, తల్లీబిడ్డ ఇంటికి వచ్చారు. అమ్మయ్య అనుకుంటాము. కాని తల్లుల మరణాలలో చాలా భాగము కాన్పు తరువాతనే జరుగుతాయి. అందుకే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి రావాలని నియమము. రాకపోతే పిలిపించండి. బట్టలు గంటగంటకూ తడిసిపోయేలా రక్తము పోతున్నా, చలిజ్వరము వచ్చినా, మైల వాసన కొట్టినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బిడ్డ పాలు తాగడము మానేసినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి ఎగబీల్చినా అంతే. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని, కూర పెట్టకూడదని కట్టడి చేసే పెద్దలు ఇంకా ఉన్నారు. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఇవ్వకపోతే ఎలా?

ఇంకొక సంగతి మనము గుర్తుపట్టము. బాలింత ఊరికే ఏడుస్తుంది, బిడ్డను ముట్టుకోదు, నిద్రపోదు. గాలి సోకిందంటారు, అత్తమీద కోపమంటారు. రెండు మూడు రోజులు దిగులుగా ఉండడము సహజమే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు, దానికి వైద్యము ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోతాననో, బిడ్డను ఏమైనా చేస్తాననో ఆమె నోట వస్తే మాత్రము ఫోనుతో ఆగకండి. ఒంటరిగా వదలక అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోండి.

పిల్లల సంగతి క్లుప్తముగా చెబుతాను. టీకాలు చాలా చోట్ల బుధ, శనివారాలలో వేస్తారు. పుట్టుకతో గుండెలో రంధ్రము, గ్రహణపు మొర్రి, వంకర పాదము, వినికిడి లోపము ఉన్న పిల్లలను 2013 నుండి నడుస్తున్న బాల స్వాస్థ్య కార్యక్రమము వారు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పరీక్షించి పై ఆసుపత్రికి పంపుతారు. వారు వచ్చే రోజు పిల్లవాడు బడి మానకుండా చూడండి. ఆరు నెలలు నిండిన, అయిదేళ్ళలోపు బిడ్డ దండచేయి చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషణ లోపము. అంగన్‌వాడీ టీచరును అడిగితే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. అక్కడ తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచుకుంటారు.

ముప్పై ఏళ్ళు దాటిన అమ్మలూ, మీరు అందరినీ పంపుతారు, మీరు మాత్రము పోరు! బి.పి., షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ముప్పై దాటినవారికి చేయాలి. రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నొప్పి లేని గడ్డనే చూపించుకోవాలి.

తెల్లబట్ట, నడుము నొప్పి అని చిన్న పట్టణములో ఏదో నర్సింగు హోముకు పోతే “గర్భసంచి పుండు పడింది, తీసేయాలి, లేకపోతే క్యాన్సరు” అని భయపెట్టి ఆపరేషను చేయడము మన రెండు రాష్ట్రాలలో ఎంతగా జరిగిందో మీకు తెలుసు. దేశములో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనవి ముందు వరుసలో ఉన్నాయి. ముప్పై అయిదేళ్ళకే తీయించుకుని, ఎముకలు గుల్లబారి, పొలము పనికి పనికిరాకుండా పోయినవారు ఎందరో. తెల్లబట్టకు చాలాసార్లు మందులతోనే నయమవుతుంది. ఎవరైనా ఆపరేషను అన్నారని మీ దగ్గరకు వస్తే వద్దనీ అనకండి, చేయించుకోమనీ అనకండి. “సంతకము పెట్టేముందు ఏరియా ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరుకు ఒకసారి చూపించు” అనండి. కాగితాలు, స్కానింగు రిపోర్టు వెంట తీసుకుపొమ్మనండి. నిజముగా పెద్ద ఆపరేషను అవసరమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలిచే పథకము ఉన్నాయి. ఆ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కూర్చుంటారు, మొదట వారినే అడగాలి.

చివరిగా చెప్పవలసినది కొంచెము కష్టమైనది. చేతి మీద కమిలిన మచ్చలతో వచ్చి “మెట్ల మీద పడ్డాను” అనే స్త్రీని మీరందరూ చూశారు. సర్దుకుపొమ్మని, భర్తకు లోబడమని చెప్పి పంపేయడము సులభము. కాని ఆమె ఆ రాత్రి ఏ ఇంటికి వెళ్తోంది? ముందు దెబ్బలకు వైద్యము చేయించండి. 181కి ఫోను చేస్తే సఖి కేంద్రము వారు మాట్లాడతారు. జిల్లాలలో ఉన్న ఆ కేంద్రాలలో కొద్ది రోజుల బస, వైద్యము, పోలీసు, వకీలు సహాయము ఒకే చోట దొరుకుతాయి. వెళ్ళాలా వద్దా అన్నది ఆమె నిర్ణయము, నంబరు మాత్రము ఆమెకు తెలిసి ఉండాలి. భర్త ఆమె ఫోను చూస్తాడేమో అడగండి. చూస్తాడంటే నంబరు ఆమె ఫోనులో కాక మీ దగ్గర ఉంచండి. బలాత్కారానికి గురైన స్త్రీకి ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుది అయినా సరే, ఉచితముగా వెంటనే వైద్యము చేయాలని చట్టము. పోలీసు కాగితము తెచ్చేదాకా చూడము అనడానికి వీలులేదు.

ఆ పిల్ల వయసు పద్దెనిమిది లోపు అయితే మీ బాధ్యత మారిపోతుంది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పిల్లలపై లైంగిక నేరము జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి. పెళ్ళి అయినదని చెప్పినా ఇది పోదు. ఆ 2019-21 సర్వేలోనే, 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5. అంటే ఇది ఎక్కడో దూరాన ఉన్న సంగతి కాదు. కాబట్టి అలాంటి పిల్ల నోరు విప్పబోయేటప్పుడు “ఎవరికీ చెప్పనమ్మా” అని మాట ఇవ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. “నిన్ను విడిచిపెట్టను, నీతో వస్తాను” అనండి. ఆ మాట నిలబెట్టుకోగలరు. కేసు సంగతి ఎలా ఉన్నా, వైద్యము అందుకోవడము ఆ పిల్ల హక్కు. పిల్లల కోసము 1098 ఉంది.

పంపిన మూడవ రోజున మీరే వెళ్ళి అడగండి. “పోయావా?” అని కాదు, “ఏమన్నారు? ఏమి రాశారు? మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?” అని. చీటీ చూపించమనండి. పై ఆసుపత్రికి రాసి ఉంటే అక్కడికి చేరిందా, లేక డబ్బులు లేవని సగము దారిలో ఇంటికి తిరిగి వచ్చిందా? పై ఆసుపత్రికి పంపేటప్పుడు చూసిన బి.పి., ఇచ్చిన మందు, ఇచ్చిన సమయము చీటీ మీద రాసి ఇవ్వమని మీరు అడగవచ్చు. మూర్ఛకు మొదటి ఇంజక్షను పి.హెచ్.సి.లోనే వేసి పంపే వీలు ఉంది. వేసినట్టు అక్కడివారికి తెలియకపోతే ఎంత చిక్కు!

ఈ పేజీ చదివిన తరువాత ఒక అట్టముక్క తీసుకోండి. మీ ఊరి ఆశా నంబరు, నర్సమ్మ నంబరు, అంగన్‌వాడీ టీచరు నంబరు, పి.హెచ్.సి. డాక్టరు ఉండే వేళలు, రాత్రి పూట ఆపరేషను చేసే అతి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి పేరు పెద్ద అక్షరాలతో రాయండి. కింద 108, 102, 181, 1098, 14416 రాయండి. చర్చి గుమ్మము దగ్గర, చెప్పులు విడిచే చోట, చదువురానివారికి ఎవరైనా చదివి చెప్పగల ఎత్తులో దానిని కట్టండి. ఆశాలు మారుతూ ఉంటారు కనుక ప్రతి మూడు నెలలకు ఒకసారి ఆ నంబర్లకు మీరే ఫోను చేసి చూడండి.